అంటువ్యాధికి ముహూర్తము పెట్టగలమా?

కరోనా దినములలో మేము గ్రామములకు పోయినప్పుడెల్ల రచ్చబండకడ మాకెదురైన ప్రశ్న ఒక్కటే: “అయ్యా, ఈ జబ్బు ఎప్పటికి ముదురుతుంది, ఎప్పటికి తగ్గుతుంది?” ఈ ప్రశ్న సహజమైనది. నారు ఎన్నడు పోయవలెనో, కోత ఎన్నడు కోయవలెనో, పెండ్లి ఏ మాసమున పెట్టుకొనవలెనో ముందుగా అనుకొననిదే సంసారము సాగదు. కావున వ్యాధికిని ఒక తేదీ కావలెనని మనసు కోరును.

2021 ఫిబ్రవరిలో ఒక గ్రామమున ఒక రైతు మమ్ము ఇట్లే అడిగెను. అంతకు ముందటి సంవత్సరము లాక్‌డౌను వలన ఆగిపోయిన తన కుమార్తె వివాహమును మే నెలలో జరుపవచ్చునా యని ఆయన సందేహము. వ్యాధి దాదాపు ముగిసినదని మేము పత్రికలలో చదివియుంటిమి. ఆ మాటనే ఆయనకు చెప్పితిమి. ముహూర్తము నాటికి ఆ ఇంటి ముసలమ్మ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండెను. ఆమె తిరిగి ఇంటికి వచ్చినది. అదే వీధినుండి ఆసుపత్రికి పోయిన మరి ఇద్దరు తిరిగి రాలేదు.

మా మాట వలననే ఇంత జరిగినదని మేము అనుకొనుట లేదు. కాని తెలియని తేదీని తెలిసినట్లు చెప్పితిమి గదా యను బాధ మాకు మిగిలినది. ఒక ప్రాంతమున అంటువ్యాధి తారస్థాయికి చేరు దినమును ముందుగా చెప్పుట సాధ్యమా? అట్టి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ విషయమునే ఇచ్చట వివరింపదలచితిమి.

లెక్కలు చెప్పినది, జరిగినది

మన దేశమున మొదటి విడత కరోనా 2020 సెప్టెంబరు మధ్యలో తారస్థాయికి చేరినది. అప్పుడు దినమునకు 97 వేలకు పైగా కొత్త రోగులు నమోదైరి. ఆపైన సంఖ్య తగ్గనారంభించెను. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నియమించిన నిపుణుల సంఘము అక్టోబరులో తన అంచనాను ప్రకటించినది. తారస్థాయి దాటిపోయినదనియు, జాగ్రత్తలు సడలింపకున్నచో 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి చాలవరకు అణగిపోవుననియు దాని సారాంశము. ఫిబ్రవరిలో దినమునకు నమోదైన రోగులు నిజముగనే 10 వేల సమీపమునకు దిగిరి. అంచనా ఫలించినట్లే కనబడెను.

మార్చిలో సంఖ్య మరల పెరిగినది. రెండవ విడత ఏప్రిల్ మూడవ వారమున తారస్థాయికి చేరుననియు, దినమునకు సుమారు లక్ష మంది వరకు ఉందురనియు ఏప్రిల్ ఆరంభమున అంచనా వేసిరి. ఏప్రిల్ 5వ తేదీననే లక్ష దాటినది. మూడవ వారమునకు రెండు లక్షలు దాటినది. అప్పుడు తారస్థాయి మే నెల మధ్యకు జరుపబడినది. తుదకు మే మొదటి వారమున దినమునకు 4 లక్షల 14 వేల మంది నమోదై, అచ్చటినుండి తగ్గుదల మొదలైనది. తేదీ కొన్ని వారములు తప్పినది. సంఖ్య నాలుగింతలు తప్పినది. తమ అంచనా సరికాలేదని ఆ శాస్త్రజ్ఞులే బహిరంగముగ ఒప్పుకొనిరి. వ్యాధి స్వభావము మారనంత కాలమే గణితము ముందుచూపు ఇయ్యగలదనియు వారు చెప్పిరి. ఆ నిజాయితీ మెచ్చదగినది. కాని తేదీ చేరినంత వేగముగ సవరణ పల్లెలకు చేరలేదు.

దేశమునకొక తేదీ, ఊరికొక తేదీ

పై లెక్క దేశమంతటికిని కలిపినది. ప్రాంతముల వారీగా చూచినచో కథ వేరు. అదే రెండవ విడతలో ఢిల్లీయందు రోజువారీ సంఖ్య ఏప్రిల్ 20వ తేదీన 28 వేలు దాటి తారస్థాయికి చేరినది. తెలంగాణమున నమోదైన సంఖ్య ఏప్రిల్ 26న 10 వేలు దాటినది, ఆపైన తగ్గినది. ఆంధ్ర ప్రదేశమున మే 16న 24 వేలు దాటినది. తమిళనాడులో మే 21న 36 వేలు దాటినది. ఈశాన్యమున మిజోరం రాష్ట్రమునకు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గాని తారస్థాయి రాలేదు. దేశమున వ్యాధి తగ్గినదని పత్రికలు వ్రాసిన నాడు ఆంధ్ర ప్రదేశమున ఇంకను పెరుగుచునే యుండెను.

ఇందు ఆశ్చర్యము లేదు. రాష్ట్రమున సగటు వర్షపాతము సరిపోయినదని ప్రకటించిన సంవత్సరమున కూడ అనంతపురము చేలు ఎండియుండవచ్చును. దేశపు గీత అనేక రాష్ట్రముల గీతల మొత్తము. రాష్ట్రపు గీత అనేక జిల్లాల మొత్తము. మొత్తము చదునుగా ఉన్నప్పుడు ఒక మూల పొంగుచుండవచ్చును. ప్రాంతము చిన్నదైన కొలది ఒక జాతర, ఒక సంత, పట్టణమునుండి వచ్చిన ఒక బస్సు లెక్కను తలక్రిందులు చేయగలవు.

వరద వేరు, వ్యాధి వేరు

“గోదావరి వరద ఎప్పుడు ఎంత ఎత్తు వచ్చునో ముందుగా చెప్పుచున్నారు గదా, వ్యాధిని ఏల చెప్పలేరు?” అని కొందరు అడుగుదురు. మంచి ప్రశ్న. భద్రాచలముకడ నీరు 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. 2022 జూలైలో అచ్చట నీరు 71 అడుగులు దాటినది. ఆ నీరు ధవళేశ్వరమునకు ఎన్ని గంటలకు చేరునో ఇంజనీర్లు చెప్పగలరు. ఏలయన, ఆ నీరు ఎగువననే కొలువబడినది. అది ఎంతయున్నదో తెలియును. పోవు దారియు తెలియును. మన మాట విని నీరు పెరుగదు, తరుగదు. గ్రహణమును పంచాంగమున సంవత్సరము ముందుగా వ్రాయగలుగుట కూడ ఇందువలననే.

అంటువ్యాధి ఎగువనుండి వచ్చు నీరు కాదు. అది దారిలోనే పుట్టుచు, దారిలోనే ఇంకుచుండును. ఎంత పుట్టునో మనుష్యుల నడవడిని బట్టియుండును. వ్యాధిని తుపానుతో పోల్చుట కొంత మేలు. వాతావరణ శాఖవారు తుపాను తీరము దాటు చోటును కొద్ది దినముల ముందుగా చెప్పి, గంటగంటకు సవరించుచుందురు. నవంబరులో ఏ దినమున తుపాను వచ్చునో జూన్ మాసమున వారు చెప్పరు. చెప్పలేమని వారికి తెలియును.

చిన్న తప్పు, పెద్ద తేడా

వ్యాధి పెరుగుదల వడ్డీమీద వడ్డీ వంటిది. ఒక జిల్లాలో నేడు 100 మంది రోగులున్నారనుకొందము. ఆ సంఖ్య 5 దినములకొకసారి రెట్టింపైనచో 60 దినములలో 12 మారులు రెట్టింపగును. అప్పుడు 4,09,600 అగును. 6 దినములకొకసారి రెట్టింపైనచో అదే 60 దినములలో 10 మారులే రెట్టింపై 1,02,400 అగును. 5 దినములా, 6 దినములా యను ఒక్క దినపు సందేహము రెండు నెలలలో నాలుగింతల తేడాగా మారినది. ఆరంభమున ఆ ఒక్క దినపు తేడాను నిశ్చయముగ కనిపెట్టుట ఎవరికిని సులభము కాదు.

తెలియని సంగతులు నాలుగు

మొదటిది, అంతకుముందే ఎందరికి వ్యాధి సోకిపోయినదన్న సంగతి. కట్టెలు ఎన్ని మిగిలియున్నవో తెలియక మంట ఎప్పుడు ఆరునో చెప్పలేము. 2020 అక్టోబరు నాటికి జనులలో నూటికి సుమారు 30 మందికి వ్యాధి సోకియుండునని పై అంచనా వేసినవారు భావించిరి. భారత వైద్య పరిశోధన మండలి అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరు మాసములలో రక్తపరీక్షలు చేయించగా పదేండ్లు దాటినవారిలో పదునైదుగురికి ఒక్కరియందే వ్యాధి సోకిన గుర్తు కనబడినది. మరుసటి సంవత్సరపు ఆరంభమునకు ఆ నిష్పత్తి అయిదుగురికి ఒకరయ్యెను. అనగా రెండవ విడతకు ముందు మనలో ఎక్కువమంది వ్యాధిని ఎరుగనివారే. 2021 జూన్, జూలై మాసములలో మరల పరీక్షింపగా వ్యాధి వలననో టీకా వలననో మూడింట రెండు వంతుల మందిలో ఆ గుర్తు కలిగెను. ఈ పరీక్షలకు రక్తమిచ్చినవారిలో కృష్ణా, నెల్లూరు, విజయనగరము, జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాల ప్రజలును ఉన్నారు.

రెండవది, వైరసు మారుట. 2020 చివర మన దేశముననే కనబడిన డెల్టా అను కొత్త రూపము మునుపటి దానికంటె చాల వేగముగ సోకెను. పాత వైరసు వేగముతో కట్టిన లెక్క కొత్తదానికి చెల్లదు. ఎద్దుబండి వేగము లెక్కించి లారీ వచ్చు వేళ చెప్పినట్లగును.

మూడవది, మన నడవడి. “తగ్గిపోయినది” అను మాట విని జనులు గుమిగూడినచో ఆ లెక్క తప్పును. “లక్షలమందికి వచ్చును” అను మాట విని ఇల్లు కదలకున్నచో ఆ లెక్కయు తప్పును. గ్రహణము పంచాంగమును చదువదు. మనము పత్రికను చదువుదుము. ఇచ్చట చెప్పిన మాటయే జరుగబోవు దానిని మార్చును.

నాలుగవది, లెక్కపెట్టు తీరు. కొనుగోలు కేంద్రమున ఒక్కటే కాటా ఉన్నచో పంట ఎంత వచ్చినను దినమునకు తూగు బస్తాలు కొన్నియే. కాటా వేగమును చూచి పంట తగ్గినదనుట పొరపాటు. అట్లే దినమునకు చేయు పరీక్షలు ఇన్నియే యని పరిమితమైనచో రోగుల సంఖ్యయు అచ్చటనే నిలిచి, తారస్థాయి చేరినట్లు కనబడును. ఆదివారములందు పరీక్షలు తగ్గును. సోమవారము వ్యాధి తగ్గినట్లు తోచును. మరియు వ్యాధి సోకుటకు, జ్వరము వచ్చుటకు, పరీక్ష చేయించుకొనుటకు, ఫలితము వచ్చుటకు నడుమ వారము పది దినములు గడచును. నేటి సంఖ్య గడచిన వారపు కథ. అందువలన తారస్థాయి దాటినదని నిశ్చయముగ తెలియునది అది దాటిన కొన్ని వారముల తరువాతనే.

చరిత్ర చెప్పు సాక్ష్యము

ఈ చిక్కు నేటిది కాదు. 1866లో ఇంగ్లండున పశువులకు ముసర వ్యాధి వ్యాపించి జనులు భయపడుచుండగా విలియం ఫార్ అను గణాంకవేత్త పెరుగుదల మందగించుటను గమనించి, త్వరలో తగ్గునని పత్రికకు వ్రాసెను. అట్లే తగ్గెను. కాని ఆ దినములలోనే వ్యాధి సోకిన పశువులను చంపించు చట్టమును పార్లమెంటు చేసినది. తగ్గినది లెక్క ప్రకారమా, చట్టము వలననా యని విడదీయుట కష్టము. 1990లో ఆ సూత్రమునే ఇద్దరు అమెరికా పండితులు తమ దేశపు ఎయిడ్స్ వ్యాధికి వర్తింపజేసి, మొత్తము రోగులు సుమారు 2 లక్షలతో ఆగుదురనిరి. 1995 నాటికే నమోదైనవారు 5 లక్షలు దాటిరి. రోగిగా లెక్కించు నియమములు నడుమ విస్తరించినను, ఆ తేడాకు అదొక్కటే కారణము కాదు.

మన దేశపు సాక్ష్యమును కలదు. బొంబాయి నగరమున 1905–06లో ప్లేగు వలన సంభవించిన మరణముల లెక్కను తీసికొని, కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1927లో ఒక గణితసూత్రమును ప్రకటించిరి. వీరిలో మెక్‌కెండ్రిక్ మన దేశమున వైద్యసేవ చేసి, కసౌలిలోని పాశ్చర్ సంస్థకు అధిపతిగా ఉండినవాడు. నేటి లెక్కలకెల్ల ఆ సూత్రము తల్లి వంటిది. వారు గీసిన గీత జరిగిపోయిన మరణములతో చక్కగ సరిపోయినది. కాని బొంబాయిలో ప్లేగు 1896లో ప్రవేశించినది మొదలు ఏటేట వచ్చి, ఎండలు ముదిరిన పిమ్మట తగ్గుచుండెడిది. ఎలుకలు, వాని ఒంటి గోమార్లు, ఋతువులు ఆ హెచ్చుతగ్గులకు మూలము. జరిగినదానికి గీత సరిపోవుట ఒకటి, జరుగబోవుదానిని చెప్పుట మరియొకటి యని దీనివలన తెలియుచున్నది.

1918 నాటి విషజ్వరము ఇంకను కఠినమైన పాఠము. జూన్‌లో బొంబాయి రేవున ప్రవేశించి, కొంతమందిని బాధించి, జూలైలో సద్దుమణిగెను. అప్పుడు తారస్థాయి దాటినదనుకొన్నవారిని తప్పుపట్టలేము. సెప్టెంబరులో అది మరల లేచి, కొద్ది నెలలలో దేశమందు కోటికి పైగా ప్రాణములను తీసికొనిపోయినది.

మరి లెక్కలు వ్యర్థమా?

కావు. వాని పని తెలిసికొని వాడుకొనవలెను. రాబోవు వారము రెండు వారములలో ఎన్ని మంచములు, ఎంత ఆక్సిజన్ అవసరమగునో అంచనా వేయుటకు లెక్కలే ఆధారము. “జనులు గుమిగూడినచో ఇంత, గుమిగూడకున్నచో ఇంత” అని రెండు దారులను చూపుటకును లెక్కలే కావలెను. జిల్లా అధికారి దానిని చూచి, ఎక్కువ వచ్చునను పక్షమునకే సిద్ధపడవలెను. ఆక్సిజన్ మిగిలిపోయినచో నష్టము కొద్దిది. చాలకున్నచో నష్టము పూడ్చరానిది. నెలల ముందుగా ఒక్క తేదీని, ఒక్క సంఖ్యను పట్టుకొని కూర్చుండుటయే ప్రమాదము.

కావున ఎవరైన ఒక తేదీ చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఇది ఏ ప్రాంతమునకు చెప్పినది, దేశమునకా, మన జిల్లాకా? ఎన్ని దినముల ముందుచూపు ఇది? ఒక్క తేదీయేనా, ఇంతనుండి ఇంతవరకు అను హద్దులు చెప్పిరా? క్రిందటిసారి వీరి అంచనా ఏమైనది? ఈ నాలుగింటికిని సమాధానము లేని తేదీని జాతకపు మాటగా ఎంచి ఊరుకొనుట మేలు.

మన ఊరిలో చూడవలసినది

తేదీ తెలియకున్నను గ్రామమునకు కన్నులు ఉన్నవి. ఆశా కార్యకర్త ఇంటింట చూచిన జ్వరములు ఈ వారము ఎన్ని, క్రిందటి వారము ఎన్ని? పరీక్షించిన నూరుగురిలో ఎందరికి వ్యాధి ఉన్నట్లు తేలినది? పరీక్షలు తగ్గి రోగులు తగ్గినచో అది తగ్గుదల కాదు. పరీక్షలు తగ్గకుండగనే నూటికి తేలువారు వరుసగ రెండు మూడు వారములు తగ్గినచో అది నమ్మదగిన గుర్తు. దగ్గరి పట్టణపు ఆసుపత్రిలో చేరువారు పెరుగుచున్నారా? పట్టణమున పెరిగినది కొద్ది దినములలో పల్లెకు రావచ్చును.

జాగ్రత్తలు తేదీని బట్టి కాక ఈ గుర్తులను బట్టి బిగింపవలెను, సడలింపవలెను. జ్వరము వచ్చినవారు విడిగ ఉండుట, గాలి ఆడు చోట కూర్చుండుట, గుంపులో ముఖమునకు మాస్కు ధరించుట, పెద్దలకు టీకాలు వేయించుట ఏ తేదీకైనను పనికివచ్చునవే. రక్తములోని ఆక్సిజన్ 94కు తగ్గినచో ఆలసింపక వైద్యుని కడకు పోవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. అట్లని అంటువ్యాధులు ముగియలేదు. మరియొకటి వచ్చినప్పుడును రచ్చబండకడ అదే ప్రశ్న లేచును. అప్పుడు మేము చెప్పబోవు జవాబు ఇది: “తేదీ మాకు తెలియదు. ఈ వారము మన ఊరు ఎట్లున్నదో కలిసి చూతము.”

పైన చెప్పిన రైతు కుమార్తె వివాహము ఆ సంవత్సరము శ్రావణ మాసమున ఇంటి ముంగిట చిన్న పందిరిలో, దగ్గరి బంధువుల నడుమ జరిగినది. పురోహితుడు ముహూర్తము పెట్టిన పిమ్మట ఆయన వ్యాధి సంగతి మమ్ము అడుగలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఆ వారము జ్వరములు ఎన్ని వచ్చినవో కనుగొని వచ్చెను.